సాహుకార్ల దారి

హైదరాబాద్ కార్వాన్‌లో ఇప్పుడు వజ్రాల జాడ లేదు. స్కూటర్ మెకానిక్ షాపులు, చాయ్ హోటళ్లు, అద్దె ఇళ్లు, వాటి మధ్య ఇరుక్కుని 1671 నాటి టోలీ మసీదు. దాని గోడల మీది గచ్చుపని చూడ్డానికే ఒక పూట పడుతుంది గానీ మేం వచ్చింది అందుకు కాదు. గోల్కొండ నుంచి చార్మినార్‌కు వెళ్లే పాత వర్తకుల దారిని కాలినడకన చూడాలని నా పట్టుదల. వెంట వచ్చిన మా బావమరిది కాకినాడ మనిషి, చార్టర్డ్ అకౌంటెంటు. "ఆటో ఉండగా ఈ నడకేంటి బావా" అని కార్వాన్ దాటకముందే మొదలెట్టాడు.

వర్తకులూ చేతిపనివాళ్లూ సంఘాలు కట్టి తమను తామే ఏలుకునే నగరాల కథలంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. అలాంటివి కథల్లోనే ఉండవు. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో 1293లో చేసిన చట్టాల ప్రకారం ఏదో ఒక వృత్తి సంఘంలో పేరు లేనివాడికి నగర పాలనలో పదవి లేదు. మన దగ్గర వ్యవహారం అంతదూరం పోలేదు. కాకతీయుల కాలంలో పెక్కండ్రు వంటి వర్తక సమయాలు, అంటే సంఘాలు, తమ సరుకుల మీద తామే మగమ అనే సుంకం వేసుకుని గుళ్లకిచ్చేవి, శాసనాలు చెక్కించేవి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఓడవర్తకులకు అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకును రాజు లాగేసుకునే పాత అలవాటు ఇక ఉండదనీ, న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోననీ మాటిచ్చాడు. రాజు అంత వినయంగా మాట్లాడాడంటే అవతలివాళ్ల చేతిలో ఏదో ఉందన్నమాటే. హైదరాబాద్‌లో ఆ బేరం ఎలా నడిచిందన్నదే నా కుతూహలం.

కార్వాన్ పేరు చెబితే నాకు ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియర్ గుర్తొస్తాడు. పదిహేడో శతాబ్దంలో ఈ దేశానికి మళ్లీమళ్లీ వచ్చినవాడు. గోల్కొండకు అయిదు రోజుల ప్రయాణంలో ఉన్న ఒక వజ్రాల గని దగ్గర తను చూసిన దృశ్యం రాశాడు. ఊరి మధ్య చెట్టు కింద పది నుంచి పదహారేళ్లలోపు వర్తకుల పిల్లలు కూర్చుని ఉంటారు. నడుముకు ఒకవైపు తూకం రాళ్ల సంచి, ఇంకోవైపు డబ్బు సంచి. ఎవరైనా రాయి తెస్తే ముందు వాళ్లలో పెద్దవాడు చూస్తాడు, తర్వాత అది చేతులు మారుతూ అందరి దగ్గరికీ పోతుంది. ఎవరూ నోరు మెదపరు. సాయంత్రానికి కొన్నవన్నీ ఒకచోట పోసి, రకాలుగా వేరుచేసి, పెద్ద వ్యాపారులకు అమ్మి, లాభం పంచుకుంటారు. అందరికీ సమానం, పెద్దవాడికి మాత్రం ఓ పిసరు ఎక్కువ.

పెద్దవాళ్ల బేరం ఇంకా ముచ్చట. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. చేతుల మీద గుడ్డ కప్పుతారు. అరచెయ్యి మొత్తం నొక్కితే వెయ్యి, అయిదు వేళ్లు పట్టుకుంటే అయిదు వందలు, ఒక వేలు వంద, వేలి నడిమి కణుపు దాకా అయితే యాభై. పక్కనే నిలబడ్డవాడికి కూడా ధర తెలియదు. మన పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరమాడినవాళ్లకు ఇది వింతేమీ కాదు. ఇదంతా చెబుతుంటే మా బావమరిది, "ట్యాక్స్ ఆఫీసర్‌కి కూడా తెలియదన్నమాట" అన్నాడు. వృత్తి బుద్ధి.

పురానాపూల్ చేరేసరికి ఎండ ముదిరింది. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన వంతెన ఇది, ఇరవై రెండు కమాన్లు. కింద మూసీ కంపు, పైన కూరగాయల బజారు. గోనెపట్టా మీద కొత్తిమీర కట్టలు పేర్చుకున్న ఒకావిడ మమ్మల్ని చూసి "లేలో సాబ్, తాజా హై" అంది. హైదరాబాద్‌ను 1591లో కట్టినప్పుడు ఈ వంతెనే రెండు లోకాలకు హద్దు. టావెర్నియర్ మాటల్లో చెప్పాలంటే వర్తకులు, దళారులు, పనివాళ్లు అంతా నదికి ఇవతల పేటలోనే కాపురం. అవతల నగరంలో ఉండేది రాజోద్యోగులూ గొప్పవాళ్లూ. వర్తకులు పొద్దున పదికో పదకొండుకో నగరంలోకి పోయి పరదేశీయులతో వ్యాపారం చూసుకుని, సాయంత్రం నాలుగైదు గంటలకు వెనక్కి వచ్చేసేవాళ్లు. నగరాన్ని బతికించేవాళ్లు రాత్రి నగరంలో పడుకోరు.

హుస్సేనీఆలం మీదుగా, ముర్గీచౌక్ గడియార స్తంభం పక్కనుంచి లాడ్‌బజార్‌లోకి దిగాం. గాజుల దుకాణాల తళుకుల గురించి అందరూ రాసిందే, నేను మళ్లీ రాయను. వెనక సందులో ఒక చిన్న గదిలోకి తొంగిచూశాం. బొగ్గుల కుంపటి ముందు గళ్లలుంగీ కట్టుకున్న ముసలాయన, పక్కన ఇద్దరు కుర్రాళ్లు. కుంపటి మీద లక్క మెత్తబడుతోంది. ఆయన దాన్ని రాతిపలక మీద వేసి చెక్కతో ఒత్తి ఒత్తి సన్నటి కడ్డీ చేసి, వంచి, కొసలు అతికించి గాజు చేశాడు. వేడి తగ్గకముందే కుర్రాడు అద్దపు రవ్వలు ఒక్కొక్కటీ దాంట్లో గుచ్చాలి. చల్లారితే రవ్వ పట్టదు. మళ్లీ కుంపటి దగ్గర పెట్టాలి, ఎక్కువసేపు పెడితే పెట్టిన రవ్వలన్నీ జారిపోతాయి. కుర్రాడి వేలికొసలు నల్లగా కమిలి ఉన్నాయి. ఎంత వస్తుందని అడిగితే ముసలాయన ముందున్న బజారు వైపు గడ్డంతో చూపించి "ఉనోచ్ బోల్తే" అన్నాడు. ధర చెప్పేది వాళ్లే.

హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది చేతివృత్తివాళ్ల సంఘమే. ఈ గుర్తింపు ఏ ఒక్క దుకాణానికీ సొంతం కాదు, ఈ చోట ఈ పని చేసేవాళ్లందరిదీ. కాగితం మీద చూస్తే పాతకాలపు వృత్తి సంఘానికి మళ్లీ ప్రాణం పోసినట్టే ఉంది. కానీ ఫ్లారెన్స్ పనివాడికి పాలనలో చోటు దొరికింది, ఈ కుంపటి ముందు కూర్చున్నాయనకు తను చేసిన గాజు ధరలో కూడా మాట లేదు. మన నగరాల్లో వర్తకుల సంఘం నిలిచింది, పనివాళ్ల సంఘం పేరుకు మిగిలింది.

చార్మినార్, గుల్జార్‌హౌజ్, పత్తర్‌గట్టి త్వరగా దాటేశాం. పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరస 1908 మూసీ వరదల తర్వాతి నగరాభివృద్ధిలో వచ్చింది. ముత్యాల దుకాణాలవాళ్లు చేసే మర్యాద ఎక్కువ, చెప్పే ధర ఇంకా ఎక్కువ. నయాపూల్ మీద మూసీ మళ్లీ దాటి అఫ్జల్‌గంజ్ వైపు తిరిగితే బేగంబజార్.

నేను వెతుకుతున్నది అసలు ఇక్కడ ఉంది. రెండో నిజాం భార్య హమ్దా బేగం ఈ నేలను వర్తకులకు ఇచ్చిందని చెబుతారు. మార్వాడీ, గుజరాతీ సాహుకార్లు, గోసాయిలు ఇక్కడ వడ్డీ వ్యాపారపు కోఠీలు పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో నిజాం సర్కారు జీతాలకు డబ్బు లేకపోతే సర్కారు వ్యవహారాలు నడిపిన చందూలాల్ వాళ్ల దగ్గరికే మనిషిని పంపేవాడు. అప్పు తీర్చలేనప్పుడు తాలూకాల శిస్తు వాళ్లకు రాసిచ్చేవాడు. ఇంక దండం ఎవరి చేతిలో ఉన్నట్టు? ఈ ఆటలోకి 1814లో విలియం పామర్ వడ్డీ వ్యాపార కంపెనీ దిగింది. 1820లో నిజాం సర్కారు పేర అరవై లక్షల అప్పు చూపించింది. దాని వడ్డీలు మెట్‌కాఫ్ అనే బ్రిటిష్ రెసిడెంటు కంట్లో పడ్డాయి. చివరికి ఉత్తర సర్కార్ల కోసం ఇంగ్లిషువాళ్లు ఏటా నిజాంకు కట్టాల్సిన ఏడు లక్షల పేష్కష్‌ను 1823లో ఒక్కసారే కోటీ పదహారు లక్షల పైచిలుకుగా లెక్కకట్టి పామర్ బాకీ తీర్చారు. కంపెనీ మరుసటేడు మునిగింది.

మా బావమరిది నడక ఆపేశాడు. "అంటే మా కాకినాడ మీద రావలసిన డబ్బు హైదరాబాద్ అప్పుల్లో పోయిందా?" "మీ కాకినాడ ఒక్కటే కాదు, శ్రీకాకుళం దాకా" అన్నాను. పొద్దుట్నుంచీ అతనికి నచ్చిన చరిత్ర ఇదొక్కటే. చందూలాల్ 1843లో తప్పుకున్నాడు. పదేళ్లకు, 1853లో, దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ సాహుకార్ల చేతిలోని తాలూకాలు ఒక్కొక్కటీ వెనక్కి తీసుకున్నాడు. నిజాం దర్బారు అప్పుడు గానీ తన సొంత తాళంచెవులు చూడలేదు.

అయినా సంఘం అలవాటు పోలేదు. 2020 జూన్ నెలాఖరున, సర్కారు లాక్‌డౌన్ సడలించాక, కోవిడ్ కేసులు పెరుగుతున్నాయని ఇక్కడి కిరాణా వర్తకులు తమంతట తామే వారంపాటు బజారు మూసుకున్నారు. కలెక్టరు ఉత్తర్వు లేదు, పోలీసు లాఠీ లేదు. ఒక మాట అనుకున్నారు, షట్టర్లు దిగాయి.

ఇత్తడి సామాన్ల సందు, మిరియాల సందు దాటి ఎండుపళ్ల వరసలో ఆగాం. వీపు మీద బస్తాతో వంగి నడుస్తున్న హమాలీ "సైడ్, సైడ్" అని అరుస్తూ మమ్మల్ని గోడకు అతికించేసి వెళ్లాడు. బాదం పప్పు ధర విని మా బావమరిది తగ్గించమన్నాడు. గల్లా దగ్గర కూర్చున్న సేఠ్ లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "పొద్దుగాలనే రేటు ఫిక్సయితది సార్. నమ్మకుంటే పక్క షాపుల అడుగుండ్రి."

అడిగి వచ్చాడు. అక్కడా అదే ధర, పైసా తేడా లేదు.

"ఆ షాపాయన మీకు తెలుసా?" అన్నాను.

"తెల్వకేం సార్, మా బామ్మర్దే" అన్నాడు సేఠ్. మా బావమరిది నా వైపు ఒకసారి చూసి, సంచీ తెరిచి కిలో తూచమన్నాడు.