దిగులు, బెంగ, రంది

"ఎలా ఉన్నావమ్మా?" అంటే "బాగానే ఉన్నాను" అనడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఒళ్ళు పేలిపోయే జ్వరంతో మూలుగుతున్నా ముందు ఆ మాట అనేసి, తరవాత కావాలంటే జ్వరం సంగతి చెప్తాం. అలాంటి మనల్ని కాగితం మీద ప్రశ్నలు వేసి మనసులో మాట రాబట్టడం ఎంత కష్టమో మా ఆడపడుచు కూతురి పుణ్యమా అని ఈమధ్య తెలిసింది.

ఆ పిల్ల మానసిక వైద్యం చదువుతోంది. డిప్రెషన్ ఉందో లేదో పోల్చుకోవడానికి 9 ప్రశ్నల పత్రం ఒకటుంది. పేరు పి.హెచ్.క్యూ.-9. అమెరికాలో తయారై 2001లో వెలువడింది. రెండు వారాలుగా ఫలానా బాధ ఎన్ని రోజులుందో చెప్తే ఒక్కోదానికి సున్నా నించి 3 దాకా మార్కులు; అన్నీ కలిపి 27. ఎక్కువొచ్చాయని సంతోషించే మార్కులు కావు లెండి! "అత్తయ్యా, నా పరిశోధన కోసం దీన్ని తెలుగు చేశాను. తెలుగులా ఉందో లేదో చూసిపెట్టు" అంటూ నా చేతిలో పెట్టింది.

చూశాను. "మీరు నిరాశా నిస్పృహలకు లోనగుచున్నారా?" అనుంది. వ్యాకరణానికి వంక పెట్టడానికి లేదు. ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉందిట. అసలు పత్రం చూడనివాళ్ళ చేత తెలుగుని మళ్ళీ ఇంగ్లీషు చేయించి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు. ఆ పరీక్షలో ఇది నెగ్గేసింది కూడా! నెగ్గక ఏం చేస్తుంది? నిఘంటువులోంచి వచ్చిన మాట నిఘంటువులోకే తిరిగి వెళ్తుంది. మా వీధిలో కూరలమ్మే ఆవిడ మాత్రం నిస్పృహ అంటే అదేదో కొత్తరకం జ్వరమనుకుంది.

మనకేమన్నా మాటల కరువా? దిగులుంది, బెంగ ఉంది, గుబులుంది. మూడూ ఒకటి కావు సుమండీ. కాపరానికి వెళ్ళిన పిల్లకి అమ్మ మీద ఉండేది బెంగ. ఆ పిల్ల దగ్గర్నించి ఫోను రాకపోతే అమ్మకి పుట్టేది గుబులు. ఏ కారణమూ లేకుండా సందెవేళ ముంచుకొచ్చేది దిగులు. తెలంగాణలో రంది అంటారు, మనాది అంటారు. "రంది పెట్టుకుని చిక్కిపోయింది" అన్నాక ఇంక వివరించాల్సిందేముంది?

ఇంగ్లీషువాళ్ళ దిగులు రంగు నీలం. 1977లో వచ్చిన ఇంకో పత్రంలో ఆ 'బ్లూస్' ప్రస్తావన ఉంది. మక్కికి మక్కి దించితే మనవాళ్ళు కట్టుకున్న చీరకేసి చూసుకుంటారు. జింబాబ్వేలో షోనా భాషవాళ్ళు 'కుఫుంగిసిస' అంటారుట, అంటే అతిగా ఆలోచించడం. మన దేశంవాడే, డాక్టర్ విక్రమ్ పటేల్, 1990లలో అక్కడివాళ్ళతో కలిసి, వాళ్ళు చెప్పుకునే మాటల్తోనే 14 ప్రశ్నల పత్రం తయారుచేశారు. ఆ తరవాత 2006లో హరారేలో డాక్టర్ డిక్సన్ చిబాండా అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టారు. ఆ ప్రశ్నలు అడిగేది వాళ్ళే. చదివి ఎంత ముచ్చటేసిందో! అమ్మమ్మ అడిగితే "బాగానే ఉన్నాను" అని తప్పించుకోవడం ఎవరి తరం?

మాట కుదిరినా చిక్కు తీరలేదు. "మీకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా?" అని తెలిసిన ఒకావిడని అడిగి చూశాం. "ఇష్టంతో ఏం పనమ్మా, చెయ్యాల్సినవన్నీ చేస్తూనే ఉన్నాగా" అంది. సున్నా మార్కులు! ఒకప్పుడు ఆవిడ గుమ్మం ముందు ముగ్గు చూడ్డానికి వీధంతా ఆగేది. నేను ఉండబట్టలేక "ముగ్గులు పెడుతున్నారా?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "నీళ్ళు చల్లి, రెండు గీతలు గీసి వచ్చేస్తున్నా" అంది. మా మేనకోడలు కలం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. పాలు పొంగిపోయినా "చస్తే పీడా వదిలిపోను" అనేవాళ్ళం మనం. అలాగే అడిగితే ఊళ్ళో సగంమంది అవునంటారు. 'ఆత్మహత్య' అని అడిగితే అశుభమని అందరూ కాదంటారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని కొందరి భయం. అలా జరగదనే వైద్యులు చెప్తున్నారు. రెండు సాయంత్రాలు తర్జనభర్జన పడి చివరికిలా రాశాం: "మాటవరసకి కాదు, నిజంగానే పోతే బాగుండునని గాని, ఏమన్నా చేసుకుందామని గాని అనిపించిందా?" 'ఏమన్నా చేసుకోవడం' అంటే మనలో అర్థంకాని వాళ్ళుండరు. దాని పక్కనే మా పిల్ల ఎర్రసిరాతో "గదిలో ఇంకెవరూ ఉండకూడదు" అని రాసుకుంది. అత్తగారు కాఫీ తెచ్చి పక్కనే కూర్చుంటే ఏ కోడలు నోరు విప్పుతుంది?

10 మార్కులు గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే జాగ్రత్తపడాలని అక్కడి లెక్క. ఇక్కడ ఆ గీత ఎక్కడ పడాలో, డాక్టర్లు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి పోల్చుకుంటేగాని తేలదుట. ఆ పని ఇప్పుడిప్పుడే మొదలైంది. ముగ్గులావిడ మాత్రం ఆ లెక్క తేలేదాకా ఆగలేదు. మా పిల్ల వెంటబెట్టుకెళ్ళి చూపించింది, మందులు వాడుతోంది.