ఆరు కిలోల పండ్లు

గత డిసెంబరులో మా స్త్రీల సమాజము వారము పదిమందిమి విశాఖపట్నము నుండి కిరండూలు రైలులో అరకు వెళ్ళాము. దారి ప్రక్కన కాఫీ గింజలు అమ్ముచున్న ఒక గిరిజన సోదరితో బేరమాడి, కిలోకు యాభై రూపాయలు తగ్గించుకొని సంతోషించాము.

“మా తోట చూస్తారా అమ్మా?” అని ఆమె వెంట తీసికొని వెళ్ళింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు. ఆ చెట్లకు అల్లుకొన్న మిరియాల తీగలు. పండినవి మాత్రమే ఒక్కొక్కటిగా చేతితో కోయాలి. పచ్చివి పండాక మరల అదే మొక్క దగ్గరకు రావాలి. తోలు తీసి, కడిగి, ఎండబెడితే సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు!

మేము సిగ్గుపడ్డాము. పనివారి కూలి బిగబట్టిన ధనవంతులకు యాకోబు పత్రిక 5వ అధ్యాయములోని హెచ్చరిక జ్ఞాపకమొచ్చింది. తగ్గించుకొన్న సొమ్ము ఆమె చేతిలో పెట్టి వచ్చాము.

దళారుల దోపిడి నుండి గిరిజనులను కాపాడుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. అయితే కొనే మనము న్యాయమైన వెల ఇవ్వకపోతే ఆ పేరు వలన రైతుకేమి లాభము?

ఇప్పుడు ఆరాధన తరువాత మా సంఘములో ఇచ్చే కాఫీకి పొడి ఆ సంస్థ దుకాణములోనే కొంటున్నాము. కప్పు అందుకొని ప్రభువునకు స్తోత్రము చెప్పునప్పుడు, ఆ పండ్లు కోసిన చేతులను కూడ ప్రార్థనలో తలంచుకొందుము.