వారంటీ కార్డు వెనక వైపు

మా వారాసిగూడలో పెద్దవాళ్లకు హమామ్ అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి, వెనకటి ఇళ్లల్లో మధ్య గొట్టంలో బొగ్గులేసి నీళ్లు కాచే రాగి హమామ్. రెండోది, కుతుబ్‌షాహీ గుంబద్‌ల దగ్గర మయ్యత్‌లకు గుస్ల్ ఇచ్చిన హమామ్. ఇప్పుడు మూడోది వచ్చింది. ఫోన్‌లో ఆర్డరిస్తే అట్టపెట్టెలో ఇంటికొస్తుంది. జిప్ పెట్టిన గుడ్డ డేరా, లోపల కూర్చోడానికి మడత కుర్చీ, బయట కరెంటుతో కాగే ఆవిరి కుండ, రెంటికీ మధ్య ఒక పైపు. తల బయట పెట్టి లోపల కూర్చుంటే మోకాళ్ల నొప్పులు మాయమని వీడియోలు చెప్తాయి.

మాయమవుతాయో లేదో నేను చెప్పలేను. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా అందులో కూర్చోవద్దని మాత్రం చెప్తాను. మా అమ్మీకి డాక్టర్ సరేనన్నాడు. నాలుగేళ్లుగా ఆమెది కుర్చీ మీద నమాజ్. ఒక్కసారైనా నేల మీద సజ్దా చెయ్యాలని ఆమె ఖ్వాహిష్. నాలుగు వేల లోపు ధర, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ‘ఒక సంవత్సరం వారంటీ’. కొన్నాం.

మూడో నెలలో కుండ మూత కింది రబ్బరు వదులై మరుగుతున్న నీళ్లు అమ్మీ పాదం మీద చిమ్మాయి. అరచేయంత బొబ్బ. కంపెనీకి ఫోన్ చేస్తే అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ‘సార్, వారంటీ టెంట్‌కి. స్టీమర్‌కి లేదు. కార్డు వెనక రాసుంది చూడండి.’ నిజమే, రాసుంది. చీమలంత ఇంగ్లిష్ అక్షరాల్లో. డేరా గుడ్డ చిరిగితే మారుస్తారట. కాలే వస్తువుకు, పేలే వస్తువుకు మాత్రం జమానత్ లేదు!

ఇంట్లో షురా కూర్చుంది. ఖాలా అంది: ‘ఛోడో బేటా, కైకూ ఝగ్డా? సబర్ చెయ్యి.’ మన ఇళ్లల్లో సబర్ అనే మాటను ఎక్కడెక్కడ వాడతామో చూస్తే నాకు కోపమొస్తుంది. ముసీబత్ వస్తే సబర్. వ్యాపారి ఐబ్ ఉన్న మాల్ అంటగడితే కూడా సబరేనా? ఫిఖహ్‌లో ‘ఖియారుల్ ఐబ్’ అని ఒక బాబే ఉంది. కొన్న వస్తువులో ముందు చెప్పని లోపం బయటపడితే తిరిగిచ్చే హక్కు కొన్నవాడిది. ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి, లోపల తడి తగిలితే, తడిసింది పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని మన రసూల్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అడిగిన వాఖియా జుమా బయానుల్లో వింటూనే ఉంటాం. పైన పెద్దక్షరాలు, వెనక చీమలక్షరాలు కూడా ఆ రాశిలాంటివే.

ఇక దేశ ఖానూన్ సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. అందులో లోపం అంటే కార్డు మీద ఒప్పుకున్నదే కాదు. చట్టం కోరే నాణ్యతకు, పైకి చెప్పకపోయినా ఒప్పందంలో ఇమిడి ఉండే నాణ్యతకు తక్కువైతే అదీ లోపమే. ఆవిరి కోసం అమ్మిన కుండ మనిషిని కాల్చకుండా ఆవిరివ్వాలని ఎవరూ రాసివ్వక్కర్లేదు. వారంటీ కార్డు కంపెనీ ఇచ్చే అదనపు మాట, మన హక్కులకు సరిహద్దు గోడ కాదు. ఈ ఒక్క సంగతి తెలియకనే ఎంతోమంది ఆ మొదటి ఫోన్‌తోనే ఆగిపోతారు.

బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనన్నా అంతే. ‘అమ్మిన మాల్ వాపస్ తీసుకోబడదు’ అని జనరల్ బజార్ బిల్లుల మీద రబ్బరు ముద్ర వేసినంత మాత్రాన ఈ హక్కు పోదు. ‘పక్కా బిల్లయితే జీఎస్టీ పడుద్ది భాయ్’ అంటే ఆ కాస్త డబ్బుకు ఆశపడకండి. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పు లావాదేవీలను రాసుకోమని చెప్పేదే కదా.

ఆన్‌లైన్ సరుకుకు ఇంకో చిక్కు. తయారీదారు ఎవరో, ఎక్కడున్నాడో తెలియదు. అలా తెలియనప్పుడు, తెలిసినా నోటీసు అందించలేనప్పుడు, నష్టానికి అమ్మినవాడే జవాబుదారీ అని ఇదే చట్టం చెప్తుంది. ‘మేము తయారు చెయ్యలేదు’ అన్న మాట అక్కడ చెల్లదు. అందుకే పెట్టె పారేయకండి. దాని మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. లేకపోతే ఆ లేకపోవడమే మీకు సుబూత్.

అమ్మే వేదికలకు పట్టదని కూడా అనుకోవద్దు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఐఎస్ఐ ప్రమాణం లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు లక్ష చొప్పున జరిమానా వేసింది. కొన్నవాళ్లకు కబురు చేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బివ్వమంది. అమెజాన్‌లో అలా అమ్ముడైనవి 2,265. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టుకెక్కింది, అది వేరే కిస్సా.

మేం చేసింది ఇదీ. ఫోన్లు ఆపి అంతా రాతలో పెట్టాం. కుండ, వదులైన రబ్బరు, అమ్మీ పాదం ఫొటోలు, ఆస్పత్రి చీటీ, బిల్లు జతచేసి కంపెనీకీ, అమ్మిన యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కీ మెయిల్. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అందిందన్నారు, అంతే. తర్వాత జాతీయ హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పివ్వరు, కంపెనీని కదిలిస్తారు. కదిలింది కూడా. సగం డబ్బు వాపస్ అన్నారు. అమ్మీ వద్దంది. ఖాలా ముక్కు మీద వేలేసుకుంది.

ఇప్పుడు జిల్లా కమిషన్‌కు వెళ్తున్నాం. సరుకు ఢిల్లీ నుంచి వచ్చినా, సూరత్ నుంచి వచ్చినా, మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల వరకు ఫీజు లేదు. వకీల్ తప్పనిసరి కాదు. ఆన్‌లైన్లోనూ దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. తీర్పు కొన్ని నెలల్లో రావాలని చట్టంలో ఉంది గానీ, పాత్రికేయుడిగా ఆ వరండాలు చూసినవాణ్ని, తారీఖులు పడతాయి.

బిల్లు నా పేరున ఉంది, కాలింది అమ్మీ పాదం. కొన్నవాడి అనుమతితో వాడినవాళ్లు కూడా చట్టం లెక్కలో వినియోగదారులే. అందుకని ఫిర్యాదు ఆమె పేరునే రాశాను. తెలుగులో చదివి వినిపిస్తే రెండు చోట్ల దిద్దించింది. ‘బొబ్బ’ దగ్గర ‘కుడి పాదం’ అని చేర్పించి, కింద ఉర్దూలో దస్తఖత్ చేసింది.