ఒడ్డు దాటిన ధైర్యం

కయాకింగ్ పాఠాలు అయిపోయిన వారానికే మనవాళ్లకు కృష్ణమ్మ మీద చనువు వచ్చేస్తుంది. వాళ్లననీ లాభం లేదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఆపిన నీరు కదా, ఎగువన చెరువులా నిమ్మళంగా ఉంటుంది. తెడ్డు ఒక్కటి వేస్తే కయాక్ బారెడు జారుతుంది. అదే నది 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులతో వచ్చి, పడవల్ని తెచ్చి గేట్లకేసి కొట్టింది.

భవానీ ద్వీపం బోట్లకు అడ్డం వెళ్లకండి. పెద్ద బోటు ఠక్కున ఆగదు. అది మీకు కనిపించిందంటే, దాన్ని నడిపేవాడికి మీరు కనిపించినట్టు కాదు. (సెల్ఫీ కోసం లైఫ్‌జాకెట్ విప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.) 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఈత వచ్చినా సరే, జాకెట్ పట్టీ బిగించాకే తెడ్డు పట్టండి.