కిన్నెరసాని ప్రయాణం: బస ఎక్కడ?

రైలు దిగేది కొత్తగూడెంలో. స్టేషన్ పేరు మాత్రం భద్రాచలం రోడ్. అసలు భద్రాచలం అక్కడికి ఇంకా సుమారు 40 కిలోమీటర్లు. మా ప్రయాణం పాల్వంచ మీదుగా కిన్నెరసాని జలాశయానికి.

పిల్లలు గుడారమే కావాలని పట్టుబట్టారు. మంచం, పరుపు, దీపాలు అమర్చిన గుడారాల్లో బసను ఇప్పుడు గ్లాంపింగ్ అంటున్నారు. ఫోటోల్లో కనువిందుగానే ఉంది. కానీ అమ్మీకి మోకాళ్ల నొప్పులు. తహజ్జుద్‌కు లేచే అలవాటు. అందుకే ఫోన్‌లో నేనడిగిన మొదటి ప్రశ్న, వుజూకు నీళ్లు గుడారంలోనే ఉంటాయా అని. లేవు, కాస్త దూరాన ఉమ్మడి స్నానపు గదులున్నాయన్నారు. తలుపుకు గడియ? జిప్పు ఉందన్నారు! అడవి అంచున, అర్ధరాత్రి, స్త్రీలు టార్చి పట్టుకుని నడవాలన్నమాట.

ఇది దాదాపు 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. జలాశయంలో మొసళ్లున్నాయి, నీటి అంచు పిల్లల ఆటస్థలం కాదు. పైగా ఈ బొగ్గుగనుల సీమలో వేసవి ఎండకు గుడ్డ గుడారం కొలిమే. వెళ్లదలిస్తే నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్యే మేలు.

చివరికి పాల్వంచలో గోడలున్న గది తీసుకున్నాం. పగలంతా జలాశయం, జింకల పార్కు. పిల్లలు అలిగారు. రాత్రి రెండు మంచాల నడుమ దుప్పటి కట్టి, అందులో దూరి పడుకున్నారు. ఫజ్ర్‌కు లేచిన అమ్మీ, దుప్పటి తొలగించి చూసి, తానూ ఒక దిండు అడిగింది.