వేడినీళ్ల విద్యుత్తు – ఊరి కర్థమగు తెలుగు

దిల్‌సుఖ్‌నగరమున మేముండు వీధిలో అర్ధరాత్రమునకును దీపము లారవు. పోటీ పరీక్షలకు చదువు పిల్లలు వసతిగృహములలో కిటికీ కొక దీపము చొప్పున మేల్కొనియుందురు. పుస్తకముల యంగళ్లు, జెరాక్సు దుకాణములు, రాజమార్గమున స్తంభములపై పరుగిడు మెట్రోబండి, సమస్తమును కరెంటుపై బ్రదుకుచున్నవి. ఆ కరెంటు ఎచటినుండి వచ్చుచున్నదో, దాని కొఱకు ఎవరి నేల, ఎవరి నీరు, ఎవరి యడవి పోయినదో ఇన్నేండ్లలో మే మొకనాడును విచారింపలేదు. బిల్లు వచ్చిన దినమున మాత్రము ఎక్కువ వచ్చినదని గొణుగుకొను వారము. ఈ యజ్ఞానము మా యొక్కరిదే కాదు. నగరవాసులలో పెక్కుమందిదియు నిట్టిదే యని చెప్పిన చదువరులు కోపగింపరాదు.

గత వేసవిలో మా అక్కగారి భర్త మణుగూరు ప్రాంతమునుండి వచ్చి, తెల్లవారుజామున ఎల్‌.బి.నగరు కూడలిలో బస్సు దిగిరి. మనుమని నొక శిక్షణాలయమున చేర్పించుట ఆయన వచ్చిన పని. ఆ పని ముగిసిన పిమ్మట సాయంకాలము సంచిలోనుండి మడతలు పడిన చిన్న పుస్తకము నొకదానిని తీసి మా చేతి కిచ్చిరి. వారి యూరికి కొంత దూరమున, అడవి యంచున, ఒక కర్మాగారము నెలకొల్ప దలచి, దానివలన నేలకు, నీటికి, గాలికి గలుగు మార్పులను గూర్చి చేయించిన పరిశీలనకు తెలుగు సంగ్రహమది. దానిపై ప్రజాభిప్రాయము సేకరించు సభ అంతకు నెల ముందే ముగిసెనట.

“బామ్మర్దీ, నువ్వు ముప్పయ్యేండ్లు తెలుగు చెప్పినోనివి. మా వాగు సంగతి ఇందుల ఏడ రాసిండ్రో జెర చూపియ్యి,” అని ఆయన అడిగిరి.

మేము కన్నద్దములు పెట్టుకొని ఎంతయో ధైర్యముతో మొదలుపెట్టితిమి. మొదటి పుట ముగిసెను, వాగు లేదు. రెండవ పుట, మూడవ పుట, వాగు లేదు. “పరిసర వాయు నాణ్యతా ప్రాతిపదిక స్థితి” యుండెను. “నిస్సరణ జలముల పునశ్చక్రీయ వినియోగము” ఉండెను. మరల మొదటినుండి చదువగా, అయిదవ పుటలో “ఉపరితల జలవనరుపై ప్రతికూల ప్రభావము ఉపేక్షణీయము” అను వాక్యము కంటబడెను. ఆ ఉపరితల జలవనరే వారి వాగు! వాగునకు కీడేమియు లేదని వ్రాసినవారి యభిప్రాయము. అది నిజమో కాదో తరువాతి మాట. తమ వాగును గూర్చియే అట్లు వ్రాసిరని ఆ వాగునీళ్లు త్రాగువారికి తెలియవలదా?

“సభలో అడుగలేదా, బావగారూ?” అంటిమి.

“ఏమని అడగాలె? అర్థమైతే గదా అడిగేది. అడిగితే ఇంత కూడా తెల్వదా అని నవ్వుతరేమోనని ఊకున్నం. అందరం ఊకున్నం.”

ఈ మాట విని మేము తల వంచుకొంటిమి. ఏలయన, ఆ పుస్తకము మేము వ్రాసినది కాదు గాని, మేము వ్రాసినట్లే యుండెను. పదేండ్ల క్రిందట ఒక కార్యాలయమువా రిట్టి సంగ్రహమునే తెనిగింపుమని పుట కింత యని మాకు వెల యేర్పరచిరి. ఎడమప్రక్క ఇంగ్లీషు ప్రతిని, కుడిప్రక్క నిఘంటువును పెట్టుకొని నాలుగు రాత్రులలో ముగించితిమి. వాగు, కుంట, చెలమ అను మాటలు అట్టి గంభీరమైన పత్రమునకు తగవని తలంచి, వాని స్థానమున సంస్కృత సమాసములను కూర్చి, మా పాండిత్యమునకు మేమే మురిసితిమి. అది ఏ యూరివారు చదువుదురని అడుగనైన లేదు. వచ్చిన సొమ్ముతో ఇంటికి ఇన్వర్టరు కొంటిమి. కరెంటు పోయినపుడు మా యిల్లు చీకటి గాకుండుటకు మే మొక యూరివారిని చీకటిలో నుంచితి మన్నమాట.

చట్టము ఉద్దేశించినది ఇది కాదు. 2006 సెప్టెంబరు 14వ తేదీన కేంద్రప్రభుత్వము వెలువరించిన పర్యావరణ ప్రభావ ప్రకటనమును చూచిన నిది విశదమగును. పెద్ద పనులకు పునాది వేయుటకు ముందే అనుమతి పొందవలెను. ఏయే సంగతులను పరిశీలింపవలెనో మొదట నిర్ణయింపవలెను. పరిశీలించినదానిని ప్రజల యెదుట పెట్టవలెను. వారు చెప్పినదానిని జతపరచి నిపుణులు విచారింపవలెను. సంగ్రహమును ఇంగ్లీషున మాత్రమే కాక ప్రాంతీయ భాషలోను ఇయ్యవలెను. సభకు ముప్పది దినములకు తక్కువ గాకుండ ముందు పత్రికలలో ప్రకటింపవలెను. సభాకార్యము నంతయు చిత్రీకరింపవలెను. ఇన్ని నియమములును మంచివే. అయితే, సభ మొదలగుటకు ఇంతమంది రావలెనను నియమము మాత్రము లేదు; వచ్చినవారి కర్థమైనదా యని అడుగువారును లేరు. ప్రాంతీయ భాషలో అని చట్టము చెప్పినది గాని, ఆ ప్రాంతమువారి భాషలో అని చెప్పినట్లు మావంటివారు గ్రహింపలేదు.

ముందు చేయవలసిన పరిశీలన వెనుకబడినచో నేమగునో బావగారి మణుగూరు సీమయే సాక్ష్యము. అచటి 1,080 మెగావాట్ల భద్రాద్రి బొగ్గు విద్యుత్కేంద్రమునకు 2015లో అనుమతి రాకముందే పనులు మొదలయ్యెను. ఆ సంవత్సరము డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానము వానిని నిలుపుమని ఆజ్ఞాపించెను. అనుమతి 2017లో వచ్చెను. పెండ్లి యైన పిదప వధువు సమ్మతి నడిగినట్లుండు ఇట్టి పరిశీలనలో, ఎవరైనను “వలదు” అనగలరా? గోడలు లేచిన తరువాత గోడలే వాదించును.

అంతట బావగారు మఱియొక సంగతి యెత్తిరి. “మా దిక్కు పగిడేరుల బోర్లకెల్లి వేడినీళ్లు వస్తయి. వాటితోటి కరెంటు తీస్తున్నరు. చిన్నదే. రేపు అడవుల పెద్దది పెడతమంటే, అప్పుడు కూడా పుస్తకం గిట్లనే రాస్తరా?”

ఈ ప్రశ్నయే మాచే ఈ వ్యాసమును వ్రాయించుచున్నది. గోదావరి లోయలో బొగ్గుపొరలతోబాటు లోతైన ఇసుకరాతి పొరలున్నవి. భూగర్భపు వేడిమిచే కాగిన నీరు వానిలో నిలిచి, బోరు తగిలినచోట తనంత తాను పైకుబుకును. పగిడేరులో సింగరేణి సంస్థ, ఢిల్లీలోని శ్రీరాం పారిశ్రామిక పరిశోధన సంస్థ సాయముతో, 20 కిలోవాట్ల ప్రయోగకేంద్రమును నెలకొల్పెను. వేడినీటి వేడిమి చేత, నీటికన్న తక్కువ వేడికే మరగు మఱియొక ద్రవము ఆవిరియై చక్రమును త్రిప్పును. ఆ ఆవిరి చల్లారి ద్రవమై మరల అదే త్రోవను తిరుగును. బొగ్గు కాల్చ నక్కరలేదు, పొగ లేదు, బూడిద లేదు. భద్రాద్రి కేంద్రముతో పోల్చిన నిది 54,000 వంతులలో నొక వంతు. అయినను విత్తనము చిన్నదని చెట్టును శంకింపరాదు. 2025 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము భూతాపశక్తిని గూర్చి జాతీయ విధానమును ప్రకటించెను. దేశమున 381 వేడినీటి తావులను భూగర్భ సర్వేక్షణ శాఖ లెక్కించినది. వానివలన 10,600 మెగావాట్ల దాక రావచ్చునని అంచనా.

బొగ్గుపొగకన్న వేడినీరు మేలని మేము నమ్మెదము. మేలైనదానికి పరీక్ష యేల యని కొందఱందురు. 2006 నాటి పట్టికలో జలవిద్యుత్తు, బొగ్గు విద్యుత్తు, అణువిద్యుత్తు పేరుపేరున నున్నవి గాని, భూతాపమునకు వేఱు పద్దు లేదు. కావున పరీక్ష లేకుండ గడచిపోవుట సులభమని తోచును. కాని లోకానుభవ మేమని చెప్పుచున్నది? ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో భూమిలోని ఆవిరిచే అయిదు దీపములు వెలిగించిరి. నేటికిని అచట విద్యుత్తు పుట్టుచున్నది. ఇది శుభవార్త. న్యూజిలాండులోని వైరాకెయిలో 1958లో కేంద్రము మొదలయ్యెను. నీటిని తోడుకొలదిని ఆ చెంతనున్న లోయలోని ఉష్ణజల ధారలు ఎండిపోయెను. నేల యొకచోట పదిమీటర్లకు మించి క్రుంగెను. ఇదియును వార్తయే. ఫిలిప్పీన్సులో అపో పర్వతము సంరక్షితమైన వనము. అచటి ఆదివాసులకు పూజనీయ స్థలము. అక్కడ కేంద్రము పెట్టబూనగా వారు 1989లో ఎదిరించి ప్రతిజ్ఞ పట్టిరి. కేంద్రము 1990ల చివర నెలకొన్నది. వేడినీటికి పాపము లేదు. దానిని తోడువారి తొందరకే పాపము.

ఇక అడవి యన్ననో, అది బంజరు కాదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము ప్రకారము అడవినేలను వేఱు పనికి వాడుటకు కేంద్రము అనుమతి కావలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆ యడవిపై బ్రదుకువారి హక్కులను, గ్రామసభ మాటను గుర్తించినది. ఈ హక్కులు కాగితముననుండి ఊరిలోనికి దిగివచ్చుటకు మెట్టు భాషయే. అడవిలో వేడినీటి కేంద్రము పెట్టుదురేని, పుస్తకము మొదటి పుటలో ఊరివా రడుగు ప్రశ్నలుండవలెను: బోర్లెన్ని, ఎంత లోతు? తోడిన నీరు మరల లోపలికే పోవునా, వాగులోనికి పోవునా? వాగులోనికి పోయినచో అందు ఏ లవణములు, ఏ విషములుండును? మా త్రాగుబోర్ల నీరు తగ్గునా? చెట్లెన్ని కొట్టుదురు? ఇప్పపువ్వు ఏరుకొను త్రోవ మూయుదురా? వచ్చిన కరెంటులో మా యూరికెంత? కేంద్రము మూసిన నాడు బోర్ల నెవరు పూడ్చుదురు? వీనికి ఉత్తరము లిచ్చిన పుస్తకము చిన్నదైనను చాలును. వీనిని దాటిపోయినది వేయి పుటలైనను చాలదు.

ఇంత విచారణచేసిన పనులు జాగగునని యనువారున్నారు. జాగు నిజమే. కాని అడుగకముందే కట్టి, న్యాయస్థానముచే నిలుపబడి, మరల కట్టుటలో జాగు లేదా? ముందుగా అడిగిన నెలరోజులే తక్కువ ఖర్చు.

మా పేటకును ఒక అడవి యున్నది. ఎల్‌.బి.నగరు దాటి విజయవాడ మార్గమున వనస్థలిపురము చెంతనున్న మహావీర హరిణ వనస్థలి. ఒకప్పుడది నిజాము వేటభూమి. 1975లో జింకల వనమై, 1994లో జాతీయ వనమయ్యెను. కృష్ణజింకలు అచట మేయుచుండగా, కంచె కీవల లారీలు పోవుచుండును. రేపు ఆ కంచెలోపల బోర్లు వేయుదుమని ఎవరైన ప్రకటించినచో మేము ఊరకుందుమా? పత్రికలకు వ్రాయుదుము, న్యాయవాదులను పిలుతుము. పుస్తకము అర్థము గాకున్న “ఇదేమి తెలుగు?” అని సభలోనే లేచి అడుగుదుము. నవ్వుదురేమోనను భయము మాకుండదు. అదే ధైర్యము మణుగూరు అడవిలోని వానికి లేకపోవుటకు కారణము వాని పిఱికితనము కాదు. చదువుకొన్న మేమే వాని వాగునకు పేరు మార్చితిమి.

ఆ రాత్రి మేమును బావగారును దీపము క్రింద కూర్చుండి ఆయన పుస్తకమును రెండు పుటలుగా తిరుగ వ్రాసితిమి. మే మొక వాక్యము చదువుదుము, ఆయన “గట్ల గాదు” అందురు, మార్చుదుము. మేము “పునఃప్రవేశము” అంటిమి. ఆయన “నీళ్లు మళ్ల బోర్లకే దించుడు” అనిరి, అదియే వ్రాసితిమి. ఒకచోట ఆయన చేయి యెత్తి, “ఆగు. ఎండకాలం మా వాగుల నీళ్లే ఉండవు. వీళ్లు కొలిచింది ఏ నెలల?” అనిరి. మూలమును చూడగా వానకాలము పిమ్మట కొలిచినట్లుండెను. సభలో అడుగవలసిన ప్రశ్న సభ ముగిసిన నెలకు, ఎనుబది క్రోసుల కీవల, మా వరండాలో పుట్టెను.

ఆ రెండు పుటలను ఆయన తెల్లవారి జెరాక్సు తీయించి, ఇరువది ప్రతులు సంచిలో పెట్టుకొని, ఎల్‌.బి.నగరులో బస్సెక్కిరి. ప్రశ్నను వ్రాతమూలముగా సంబంధిత కార్యాలయమునకు పంపుదుమని చెప్పిపోయిరి. ఇకమీదట ఇట్టి తెనిగింపునకు మా యొద్దకు వచ్చువారికి మేము చెప్పునది ఒక్కటే: ఆ యూరివాని నొకనిని మా ప్రక్కను కూర్చుండబెట్టినగాని కలము పట్టము. తెలుగు వచ్చిన చదువరు లెల్లరును ఈ మాత్రపు నియమమును పాటింతురేని, వేడినీళ్ల దీపములు రేపు మన వీధిలో వెలిగిన నాడు వాని వెలుతురులో మనము తలవంచుకొని చదువుకొన నక్కరలేదు.