జడ్జిగారికి మార్కులు వేసేదెవరు?

కంకిపాడు సెంటర్లో బందరు బస్సెక్కాం. పక్క సీట్లో మా ఊరి రైతు, ఒళ్లో దావా కాగితాల సంచి. బోదె గట్టు మీద దాయాదుల తగాదా. ఆయన వాయిదాకి వెళుతున్నాడు, నేను కోర్టు నడిచే తీరు చూద్దామని.

ఏ కోర్టో రాయను. జనం ఇంకా మున్సిఫు కోర్టనే పిలిచే కింది కోర్టుల్లో ఒకటి. పదిన్నరకి బెంచి మీదికి వచ్చిన జడ్జిగారు చిన్న వయసు అమ్మాయి. బంట్రోతు పేరు పిలవడం, ప్లీడరు లేచి టైము అడగడం, బెంచి గుమాస్తా కట్ట విప్పి తేదీ వేయడం. మధ్యాహ్నం దాకా చాలావరకు ఈ కాల్‌వర్కే. మా రైతుకీ తేదీ పడింది.

మధ్యలో ఒక ముసలామె సాక్ష్యానికి బోనెక్కింది. ప్లీడరు సగం ఇంగ్లీషులో దబాయిస్తుంటే జడ్జిగారు ఆపారు. "తెలుగులో, ఒక్కొక్కటే అడగండి." ఆమె తడబడిన ప్రతిచోటా ఆగి, చెప్పిన మాటే స్టెనోచేత రాయించి, చివర్లో చదివి వినిపించారు. చాలాసేపు పట్టింది.

టీ కొట్టు దగ్గర ఒక ప్లీడరుగారి గుమాస్తా నవ్వాడు. "ఆ ఓపికకి యూనిట్లు రావండీ!"

యూనిట్లంటే జడ్జి పనికి కొలమానం. ఇరుపక్షాలూ పోరాడిన దావా తేలితే ఎక్కువ, రాజీపడితే తక్కువ. లెక్క జిల్లా జడ్జి ద్వారా హైకోర్టుకి వెళుతుంది. రాజ్యాంగం 235వ అధికరణ కింద కింది కోర్టుల అదుపు హైకోర్టుదే. ఏటా రహస్య నివేదిక, తనిఖీలు, హైకోర్టు నుంచి జిల్లాకో పోర్ట్‌ఫోలియో జడ్జి ఉంటారు. జడ్జీల పదవీ విరమణ వయసు 58 నుంచి 60కి పెంచినప్పుడు కూడా ఆ రెండేళ్లు ఊరికే రావని, రికార్డు చూసి పనికొస్తారనుకున్నవారికే ఇవ్వాలని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొలిచేవాళ్లు లేక కాదు, కొలిచేది సంఖ్యనే. సంఖ్య వద్దనను; అది లేకపోతే కట్టలు బీరువాల్లోనే ముసలివవుతాయి. కానీ ఆ ముసలామెకి దక్కిన మర్యాద ఏ గడిలో పడుతుంది? కక్షిదారుని ఎవరూ అడగరు.

శిక్షణ సంగతి కాస్త మెరుగు. నాగార్జున విశ్వవిద్యాలయం దగ్గర జ్యుడీషియల్ అకాడమీని 2022 డిసెంబరులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ప్రారంభించారు. జిల్లా కోర్టులను 'సబార్డినేట్' అనడం మానాలని అక్కడే అన్నారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు వేసింది: జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్లు ప్రాక్టీసుండాలి, ఎంపికయ్యాక కనీసం ఏడాది శిక్షణ పొందాకే కోర్టు నడపాలి. సాక్షిని నిదానంగా వినడం చట్టం పుస్తకంలో దొరకదు, అనుభవమున్న జడ్జి పక్కన కూర్చుంటేనే వస్తుంది. ఆ ఏడాదిలో దానికీ చోటుండాలి.

వాయిదాల మీద తిరుగుతున్న మనవాళ్లకి ఒక మాట. దావాకిచ్చే సీఎన్‌ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ దావా ఏ దశలో ఉందో మీరే చూసుకోవచ్చు. తీర్పు నచ్చకపోతే దారి అప్పీలే. జడ్జి నడత మీదే ఫిర్యాదైతే నేలపాడులోని హైకోర్టుకి రాయండి. కానీ ఆకాశరామన్న ఉత్తరం చెల్లదు, ప్రమాణపత్రమూ ఆధారాలూ జతచేయాలి.